వెనుక పేజీ చూడుము

లెక్కల పేపర్లు కట్టలు కడుతుంటే హెడ్మాస్టరు కంట పడ్డాయి ఆ అన్నాచెల్లెళ్ల పేపర్లు రెండూ. పదో తరగతి చివరి పరీక్షల్లో అది మొదటి రోజు. పెద్దాడు రెండేళ్లు వరసగా తప్పి, చెల్లెలి తరగతిలోకి వచ్చి పడ్డాడు. హాల్లో ఆమె వెనక బెంచీయే దక్కింది. చెల్లెలు ఎక్కడ తప్పు వేసి కొట్టేసిందో, అన్న అక్కడే అదే తప్పు వేసి, అంతే శ్రద్ధగా కొట్టేశాడు. ఆమె పేజీ అడుగున ‘వెనుక పేజీ చూడుము’ అని రాస్తే వీడూ రాశాడు. వీడి వెనుక పేజీ తెల్లగా ఉంది.

తండ్రి వడ్రంగి. కబురందగానే చెవి మీద పెన్సిలుతో, చొక్కా నిండా రంపపు పొట్టుతో వచ్చాడు. పిల్లలిద్దరూ అప్పటికే హెడ్మాస్టరు బల్ల ముందు నిలబడి ఉన్నారు.

“ఎవరిది చూసి ఎవరు రాశారో గుడ్డివాడికైనా తెలుస్తుంది,” అన్నాడు హెడ్మాస్టరు. “కానీ నాకు ఒక్క సంతకం చాలు. ఒప్పుకున్నవాళ్లు మిగతా పరీక్షలు రాయరు. రెండోవాళ్లకి ఢోకా లేదు.”

“మరి మావాడు...”

“ఆడపిల్లలు బోలెడుమంది పాసవుతున్నారయ్యా. మగపిల్లల లెక్కే కుంటుతోంది. పైవాళ్లు నా పీక పట్టుకుంటున్నారు.”

వడ్రంగికి కొలత దొరికింది. “చిన్నదానా, సంతకం పెట్టు.”

“నేను చూసి రాయలేదు నాన్నా. సార్, ఆ పేపర్లోని లెక్కే ఒకటి ఇద్దరికీ ఇవ్వండి, బోర్డు మీద చేస్తాం.”

హెడ్మాస్టరుకి సరదా పుట్టింది. సుద్దముక్క ముందు పెద్దాడికిచ్చాడు. వాడు చాలాసేపు నిలబడి, సమానం గుర్తు ఒక్కటి చక్కగా గీశాడు.

“పాపం, బెదిరిపోయాడు,” అన్నాడు హెడ్మాస్టరు.

చెల్లెలు అయిదు వరసల్లో తేల్చేసింది. కొట్టివేత కూడా లేదు.

“చూశావా, కాపీ కొట్టిన లెక్కని ఎంత బాగా కంఠతా పట్టిందో!” హెడ్మాస్టరు పకపకా నవ్వాడు. ఆయన నవ్వాడని వడ్రంగీ నవ్వాడు.

“అన్నయ్యా, నువ్వైనా చెప్పు.”

“పెట్టేయవే,” అన్నాడు వాడు, నేల చూస్తూ. “నీకు మళ్లీ రాయడం ఎంతసేపు?”

“వచ్చే ఏడు పంపిస్తావా నాన్నా?”

“కిటికీ లేకపోయినా ఇల్లు నిలుస్తుందే. దూలం లేకపోతే నెత్తిన పడుతుంది. వాడు దూలం. పెట్టు.”

పెట్టింది. హెడ్మాస్టరు కాగితం ఎత్తి చూసి మెచ్చుకున్నాడు. “అక్షరాలు ముత్యాలే!”

ఇంటికొచ్చి ఆమె ముఖమైనా కడుక్కోకముందే తండ్రి సైన్సు పుస్తకం ఒళ్లో పడేశాడు.

“రేపు వాడి ముందు బెంచీలో నువ్వుండవు. ఇప్పుడే వాడి బుర్రకెక్కించు. నీకెలాగూ ఖాళీయేగా.”

పెద్దాడు చాప మీద కాళ్లు బారజాపి, గోడకు ఆనుకున్నాడు.

“ముఖ్యమైనవి చెప్తే చాలే,” అన్నాడు. “పుస్తకమంతా నాకెందుకు?”