నాలుగువందల నలభై ఏడో భాగహారం

మా ఆయన గడియారాలు బాగుచేస్తారు. చదువు పదో తరగతితో ఆగింది గానీ అంకెల పిచ్చి ఆగలేదు. గ్రంథాలయంలో నెలకోసారి కూడే లెక్కల సంఘంలో చేరాలని ఆయన కోరిక. అందులో ఉన్న లెక్చరర్లేమో మూడేళ్లుగా నాన్చుతూ వచ్చారు. చివరికి, "కోటి దాటిన ప్రధాన సంఖ్య ఒకటి మీ అంతట మీరు తేల్చి పట్టుకురండి, చేర్చుకుంటాం" అన్నారు. ఈయన తను మొట్టమొదట విప్పిన గోడగడియారం వెనక చెక్కి ఉన్న నంబరు ఎంచుకున్నారు: 1,00,17,221. అది దేనికీ లొంగదని ఆయన నమ్మకం.

సరిగ్గా అప్పుడే కంటి ఆపరేషనైంది. నెల్లాళ్లు కళ్లకి ఏ పనీ చెప్పొద్దన్నారు డాక్టరు. దాంతో అది నా ప్రాణం మీదకొచ్చింది. 3,164 లోపు ప్రధాన సంఖ్యలతో భాగించి చూస్తే చాలట. చాలట అంటే ఎన్ననుకున్నారు, నాలుగువందల నలభై ఏడు! అన్నీ ఆయనకి కంఠతా. ఆయన ఒక్కోటీ చెప్పడం, నేను కాలిక్యులేటర్‌లో కొట్టి "శేషం ఉంది" అనడం. "సరిగ్గా చూశావా?" అని రెండుసార్లు అడిగారు. రెండోసారి, "నమ్మకం లేకపోతే మీరే చూసుకోండి" అని విరుచుకుపడ్డాను. చూసుకోలేని మనిషిని అనకూడని మాట అది.

తొమ్మిదో రోజు సాయంత్రం చివరిది చెప్పారు. "మూడువేల నూట అరవై మూడు. ఇంతటితో అయిపోయిందే!"

నాకు వేళ్లు పీకుతున్నాయి, ఒళ్లు మండుతోంది. ఇన్నింటికి లొంగనిది దీనికి లొంగుతుందా అనుకుని, కొట్టకుండానే "శేషం ఉంది" అనేశాను. ఆయన ఒక్క క్షణం ఆగి "సరే" అన్నారు.

ఆదివారం నల్లకళ్లద్దాలు పెట్టుకుని, నా చెయ్యి పట్టుకుని సంఘానికి వచ్చారు. బోర్డు మీద ఆ నంబరు నేనే రాశాను. ఒక లెక్చరర్ కాసేపు చూసి, దీనికి నాలుగు కలిపితే 3,165 వర్గం కదా అంటూ లేచి, కింద రాశాడు: 3,163 × 3,167. వెనక ఎవరో కిసుక్కున నవ్వారు. నాకు తల కొట్టేసినట్టయింది.

మా ఆయన లేచి నిలబడ్డారు. "చివరి భాగహారం నేనే చెప్పడం మర్చిపోయానండీ. మా ఆవిడ చేసినవన్నీ సరైనవే."

వచ్చే ఏడాది చూద్దామన్నారు వాళ్లు. పదిమంది ముందు నేను నోరు విప్పలేదు. అబద్ధం ఆయనతో ఆడించి, కుర్చీలో బెల్లంకొట్టిన రాయిలా కూర్చున్నాను.

బస్టాపులో ఇక ఉండబట్టలేక చెప్పేశాను. "ఆ చివరిది నేను కొట్టలేదండీ."

"తెలుసు. బటన్ల చప్పుడు వినపడలేదుగా. శేషం ఉంటుందిలే అనుకున్నాను."

"మరి మళ్లీ కొట్టమని అడగొచ్చుగా!" అని అరిచాను. అప్పుడూ అరుపే, చూడండి.

"రెండుసార్లు అడిగాను కదే," అన్నారు మెల్లగా. "మూడోసారి ధైర్యం చాల్లేదు."

అంతమంది లెక్చరర్ల ముందు నిలబడ్డ మనిషి, నన్ను మాత్రం అడగలేకపోయారు.