లష్కర్ హద్దు యాడిదాంక

మొన్న ఆదివారం చదువుకునే పిల్లలు కొందరు మెడల కెమెరాలేసుకుని మా గల్లీలకొచ్చిన్రు. పాత కట్టడాలు చూస్తున్నరట. అరుగు మీద కూసున్న నన్ను చూసి, "అమ్మమ్మా, అప్పట్ల సికింద్రాబాద్ నైజాం కిందుండెనా, ఇంగ్లీషోళ్ళ కిందుండెనా?" అని అడిగిన్రు. ఒక పిల్ల పకపక నవ్వుకుంట, "మేం పందెం కట్టినం, జెర నువ్వే తేల్చాలె" అన్నది.

నాకు మంట లేసింది. ఛాయ్ పోసిచ్చి పంపిన గని, మాట చెప్పలే. ఏం జెప్పాలె? వాళ్ళు సరదాకు అడిగిన్రు. మేం అదే సవాల్‌ను ఒక మనిషి ప్రాణం కోసం బజార్ల అడిగినం.

నా పేరు జైతున్ బీ. మేం దూదేకులోళ్ళం. నమాజు అరబ్బీల చదువుతం, కొట్లాట తెలుగుల కొట్లాడ్తం. ఉర్దూ మాకు సక్కగ రాదు. మా ఆయన దస్తగిరి విల్లు భుజానేసుకుని ఇల్లిల్లూ తిరిగి పరుపుల దూది ఏకుతుండె. మొండా మార్కెట్ ఎనుక గల్లీల మా ఇల్లు. గోడకు గోడ ఆనుకుని లచ్చక్క ఇల్లు. బీడీలు చుట్టుకుని బతికేది. మొగడు పోయిండు, పిల్లలు లేరు. ఆమెకు ఉన్నదల్లా ఒక్క తమ్ముడు, పర్వతాలు. ఆలేరు దిక్కు పల్లెల ఉంటుండె.

రజాకార్ల దినాలవి. చలికాలం అయిపోవస్తుంది. పర్వతాలు ఇంకొక దోస్తు కల్సి ఊరి చావడి మీద మూడు రంగుల జెండా ఎగరేసిన్రు. దోస్తు దొరికిండు. మూడోనాడు బాయిల తేలిండు. పర్వతాలు గుట్టలెంబడి దాక్కుంట తిరుగుతున్నడని కబురొచ్చింది. లచ్చక్క అన్నం ముట్టలే. ఆలేరుకు పోయే ఒక బండాయనతోని చెప్పి పంపింది: "లష్కర్‌కు రా తమ్మీ. గీడ నైజాం పోలీసోడు కాలు పెట్టలేడు."

ఆమె మాట ఊకె అన్నది కాదు. సికింద్రాబాద్‌ను మేం లష్కరే అంటం. హుస్సేన్‌సాగర్ ఇవతల ఇంగ్లీషు ఫౌజు ఉండె గదా, గీడ కానూన్ వాళ్ళదే. లచ్చక్క తండ్రి వయసుల ఉన్నప్పుడు దొర గుమాస్తాను కొట్టి ఉరికొచ్చి గీడ పడ్డడట. ఎంబడొచ్చిన పోలీసులు హద్దు కాడ నిలవడి తిట్టుకుంట ఎనుకకు మళ్ళిన్రట. బీడీలు చుట్టుకుంట ఆ కథ నాకు ఎన్నిసార్లు చెప్పిందో లెక్కలేదు. చెప్పినప్పుడల్లా పోలీసుల మొఖాలు ఎట్ల మాడినయో తన మొఖం పెట్టి చూపెడ్తుండె.

పర్వతాలు వచ్చిండు. గడ్డం పెరిగి, కాళ్ళు పగిలి, కండ్లు లోపలికి పోయినయ్. లచ్చక్కను పట్టుకుని సంటి పిల్లగాని లెక్క ఏడ్సిండు. రెండు తళ్ళెల అన్నం తిన్నడు. తిని బయటికి పోయి ఎదురుంగ ఇరానీ హోటల్ల ఛాయ్ తాగుకుంట, అడిగినోనికి అడగనోనికి తన కథంత చెప్పిండు. "ఇగ నైజామోడు నన్ను ఏం జేస్తడు? నేను లష్కర్ల ఉన్న!" అని తొడ గొట్టిండు. హోటల్లోళ్ళు నవ్విన్రు. ఆ పిచ్చి తండ్రికి ఆ నవ్వు ఏందో తెల్వలే.

పొద్దు వాలినంక మా ఆయన పని నుంచొచ్చిండు. సంగతి ఇని చేతిల చెంబు చేతిలనే ఉంది. "లచ్చక్కా! ఏం పని చేసినవ్! గీ బజార్లన్నీ తెల్లోళ్ళు నైజాంకు ఎప్పుడో వాపస్ ఇచ్చిన్రు. రెండేండ్లు దాటింది. గిప్పుడు మనం కూసున్నది నైజాం రాజ్యమే!"

లచ్చక్క నమ్మలే. నేను సుత నమ్మలే. ఎట్ల నమ్ముతం? ఠాణా అదే, పోలీసులు అదే మనుషులు, దుకాణాలు అవే. ఏ బంగ్లాలనో దొరలు సంతకాలు పెట్టుకున్నరు. ఒక్కడన్న మా గల్లీలకొచ్చి, అమ్మా మీ రాజు మారిండు అని చెప్పిండా? మా ఆయనకన్న ఎట్ల తెల్సిందంటే, ఫౌజు బంగ్లాల దూది ఏకబోయినప్పుడు మేబెల్ దొరసాని చెప్పిందట. ఆమె మొగడు ఫౌజు దఫ్తర్ల గుమాస్తా.

"అయితే నేనే పిలిచి సంపుకుంటున్ననా?" అని లచ్చక్క నెత్తి కొట్టుకున్నది. నేను చెయ్యి పట్టుకున్న. పట్టుకుంటే ఆగుతదా?

మా ఆయన అన్నడు: "మొత్తం పోలే అక్కా. ఫౌజు బారకులున్న దిక్కు ఇయ్యలే, తెల్లోళ్ళు పోయినంక అది ఢిల్లీ ఫౌజుదే. ఆడికి నైజామోళ్ళు పోరు. పిల్లగాన్ని ఆ హద్దు దాటించాలె, గంతే."

"హద్దు యాడుంది?"

మా ఆయనకు సుత తెల్వదు. ఎన్నేండ్లు ఆ తొవ్వలనే నడిచిన మనిషి. నడిచేటోనికి హద్దు గురించి పనేంది?

పర్వతాలును మా ఇంట్ల దూది కుప్ప ఎనుక దాచినం. తుర్కోళ్ళ ఇల్లంటే ముందుగాల దేవులాడరని. దూది ముక్కులకు పోయి పిల్లగాడు ఒకటే తుమ్ములు. తుమ్మినప్పుడల్లా నా పానం పోయొచ్చేది. నోట్లె గుడ్డ కుక్కుకోరా బాబూ అని మొక్కిన.

తెల్లారి మా ఆయన హోటల్ల కూసున్నడు. నేను తలుపు సందు నుంచి చూస్తున్న, లచ్చక్క నా ఎనుక. ఆయన ఏమెరుగనోని లెక్క, "అరె భాయ్, ఒక పందెం కట్టిన. తెల్లోళ్ళు బజార్లు ఇచ్చినంక వాళ్ళ హద్దు యాడిదాంక మిగిలె?" అన్నడు.

ఇగ చూడు! ఎన్నడూ నోరు తెరవనోడు సుత తెరిచిండు. ఒకడు గడియారం స్తంభం దాంక అన్నడు. ఇంకొకడు కాదు, రైలు పట్టాల దాంక అన్నడు. లాలాగూడ రైలు కార్ఖానాల పని చేసేటాయన లేచి, "పట్టాలు నైజాంయి, నాకు తెల్వదా!" అని బల్ల గుద్దిండు. ఒక ముసలి బ్యాండు మేళపాయన, "తెల్లోళ్ళ గోరీలు యాడిదాంక ఉన్నయో ఆడిదాంక వాళ్ళదే" అన్నడు. "అట్లయితే మీ తాత గోరీ ఉన్న కాడ నువ్వే నవాబువా?" అని ఇంకొకడు. హోటలంత పొట్ట చెక్కలయ్యేటట్టు నవ్వుడు. ఛాయ్‌ల మీద ఛాయ్‌లు. లచ్చక్క నా భుజం పట్టుకుని పిసుకుతుంది, గోర్లు దిగినయ్. "నవ్వుతున్నరు జైతున్. నా తమ్ముడు సచ్చిపోతడు, వీళ్ళు నవ్వుతున్నరు" అన్నది. వాళ్ళకు తెల్వదు గదక్కా అన్న. అన్న గని నాకు సుత ఆ నిమిషంల అందరి మీద దుమ్మెత్తి పోయాలనిపించింది.

చివరికి తోలు వ్యాపారం చేసే ఒకాయన నెమ్మదిగ చెప్పిండు. "పరేడ్ మైదానం అవతల, చింత చెట్ల సందుల ఒక రాతి దిమ్మె ఉంది. సున్నం కొట్టి ఇంగ్లీషుల ఏదో చెక్కిన్రు. అదే హద్దు. నేను ఆడ తోళ్ళ మీద చుంగీ పన్ను కట్టేటోన్ని, నాకు తెల్సు."

మా ఆయన లేస్తుంటే మూల కూసున్న ఒక సన్నపాటి మనిషి అడిగిండు. "నిన్న గీడ తొడ గొట్టిన పోరడు యాడున్నడు భాయ్?"

"తెల్లారక ముందే ఊరికి పోయిండు" అన్నడు మా ఆయన.

"హద్దు సంగతి నీకెందుకు?"

"మేబెల్ దొరసాని పరుపుకు పది సేర్ల కొత్త దూది కావాలె. తీస్కపోతే చుంగీ పడ్తదా పడదా అని. నీకేమన్న తెల్సా?"

ఆ మనిషి నవ్విండు. ఆ నవ్వు మాకు నచ్చలే. ఇగ ఆగేది లేదనుకున్నం.

ఆ పగలే ఎల్లినం. పర్వతాలు గడ్డం గీసుకోలే, అదే పనికొచ్చింది. వానికి మా ఆయన లుంగీ కట్టి, టోపీ పెట్టినం. భుజానికి విల్లు ఇచ్చినం. "అల్లా నామ్ అను" అని మా ఆయన నేర్పిస్తుంటే, "అన్నా, నాకు అంత రాదు, తుమ్ముడే వచ్చు" అన్నడు పిల్లగాడు. ఆ కష్టంల సుత నవ్వొచ్చింది. ముందు వాళ్ళిద్దరు, ఎనుక దూది మూటతోని నేను, పరుపు గుడ్డ పట్టుకుని లచ్చక్క. పోలీసులు ఎదురొచ్చిన్రు. మా ఆయన పిల్లగాని భుజం మీది విల్లు నారి మీటుకుంట, "దూది ఏకుతం, దూదీ!" అని కేకేసిండు. వాళ్ళు చూసి చూడనట్టు పోయిన్రు.

దిమ్మె దొరికింది. నిజంగనే ఉంది. సున్నం రాలి సగం నల్లబడ్డది. పర్వతాలు దాని అవతలికి ఒక్క దుంకు దుంకిండు. మట్టి తీసి కండ్లకద్దుకున్నడు. "అక్కా, దాటిన!" అన్నడు. లచ్చక్క నవ్వుతుందో ఏడుస్తుందో, దిమ్మెకు దండం పెట్టింది. నేను సుత పెట్టిన. ఎవ్వలకు పెడ్తున్ననో నాకే తెల్వదు.

మేబెల్ ఇంటికి పోయినం. ఆమె వాకిట్ల పెట్టెలు కట్టుకుంటుంది. "దస్తగిరీ! ఇప్పుడు పరుపు ఎందుకు? మేము వెళ్ళిపోతున్నాము" అన్నది.

"యాడికమ్మా?"

"ఫౌజు మొత్తం పోతుంది. ఢిల్లీకీ నైజాంకూ ఒప్పందం అయ్యింది. రేపో ఎల్లుండో ఇక్కడ ఎవరూ ఉండరు."

సడక్ మీదికి చూసినం. లారీల మీద మంచాలు, ట్రంకు పెట్టెలు, వంట గిన్నెలు. జవాన్లు తాళ్ళు బిగిస్తున్నరు. మేం దేవులాడి దేవులాడి పట్టుకున్న రాజ్యం సామాను సర్దుకుని బండెక్కుతుంది.

లచ్చక్క ఉరికి ఒక ఫౌజీ అఫ్సర్ కాళ్ళు పట్టుకున్నది. "సామీ, వీన్ని ఒక్కన్ని ఎక్కించుకో. నీ బూట్లు తుడుస్తడు, నీ అంట్లు తోముతడు." మా ఆయన తనకొచ్చిన ముక్కల ఉర్దూల చెప్పబోయిండు. వంకరటింకర మాటలు, సగం తెలుగు. ముసల్మానై పుట్టి ఉర్దూ రాకపోవుడు నన్ను ఆ ఒక్క దినమే ఏడిపించింది. ఆ అఫ్సర్ మంచోడే. ఆమెను లేపి నిలవెట్టిండు. బయటోళ్ళను ఎక్కించుకునే హుకుం లేదన్నడు. తల దించుకుని ఎల్లిపోయిండు.

మేబెల్ కండ్ల నీళ్ళు పెట్టుకుని ఎనుక నౌకర్ల గది తాళం ఇచ్చింది. "ఇంతకంటే నేను చెయ్యలేను" అన్నది. ఆమె సుత బండెక్కింది. పర్వతాలు ఆ గదిల ఉన్నడు. లచ్చక్క బీడీల గంప కింద అన్నం పెట్టుకుని పోయొచ్చేది. పోయినప్పుడల్లా ఒకటే అడిగేటోడట: "అక్కా, ఇంకా ఉన్నరా ఫౌజోళ్ళు?" ఉన్నరు బిడ్డా, మస్తుమంది ఉన్నరు అని చెప్పేదట. చివరి లారీ పోయిన్నాడు సుత అదే చెప్పింది.

తెల్లారి పోలీసులొచ్చిన్రు. ఆ సన్నపాటి మనిషి ముందల నడిచిండు. పర్వతాలును తాడుతోని కట్టి మైదానం మీదికెల్లే తీస్కపోయిన్రు. లచ్చక్క ఎంబడి ఉరికింది, బొక్కబోర్ల పడ్డది, లేచి మళ్ళ ఉరికింది. ఆ పిల్లగాడు ఎనుకకు తిరిగి, "నువ్వు పోక్కా, ఇంటికి పో" అన్నడు. తర్వాత ఎండకాలంల కబురొచ్చింది. జైలుకు తీస్కపోతుంటే పారిపోబోయిండట, కాల్చిన్రట. శవం ఇయ్యలే.

ఆ కబురొచ్చినంక లచ్చక్క మళ్ళ బీడీల గంప ముందటేసుకున్నది. బీడీలు చుట్టేది, మా ఇంట్ల పెట్టింది తినేది. తండ్రి కథ మళ్ళ ఎన్నడూ చెప్పలే.

వానలు తగ్గుతున్న దినాలల్ల పోలీస్ యాక్షన్ అయ్యింది. నైజాం లొంగిపోయిండన్నరు. ఢిల్లీ ఫౌజు లష్కర్లకు వస్తుందని బజారంత దండలు, జెండాలు. మాకు మాత్రం భయం. మా ఆయన తలుపు గొళ్ళెం పెట్టి, ఎవ్వలు పిలిచినా తియ్యొద్దన్నడు. తుర్కోళ్ళను ఏం జేస్తరో అని మా గల్లీల ఒక్కొక్కరిది ఒక్కొక్క మాట.

లచ్చక్క తలుపు కొట్టింది. "జైతున్, నాతోని రా" అన్నది. మా ఆయన వద్దన్నడు. నేను గొళ్ళెం తీసిన. తొవ్వల ఒకడు నన్ను ఎగాదిగ చూసి ఎవ్వలీమె అంటే, "నా చెల్లె, నీకేం పని?" అని కసిరింది.

సడక్ కు రెండు దిక్కుల జనం. లారీలు మెల్లగ వస్తున్నయ్. పూలు చల్లుతున్నరు, జై కొడ్తున్నరు. లచ్చక్క జనాన్ని తోసుకుని ముందట లారీకి అడ్డం పోయింది. లారీ ఆగింది. పైన మీసాలు సక్కగ రాని ఒక పడుసు జవాను, మెడ నిండ బంతిపూల దండలు.

"ఎందుకు పోయిన్రయ్యా?" అని అడిగింది. "గప్పుడు ఎందుకు పోయిన్రు? ఉంటే ఏమయితుండె మీకు?"

ఆ పిల్లగానికి మన బాస యాడొస్తది. తల్లి వయసు మనిషి చేతులు చాపి దీవెనలిస్తుందనుకున్నడో ఏమో, మొఖం ఇంత చేసుకుని నవ్విండు. కిందికి వంగి తన మెడల దండ తీసి ఆమె మెడల ఏసిండు. జనం గట్టిగ జై కొట్టిన్రు. ఎవ్వలో నా చేతుల సుత పూలు పోసిన్రు, చల్లమని.

లారీ కదిలింది. లచ్చక్క ఆ దండతోనే పక్కకు జరిగి, వచ్చే లారీని అడిగింది. దాని ఎనుక దాన్ని అడిగింది. నేను ఆమె కొంగు పట్టుకుని నిలవడ్డ. లారీలు అయిపోయేదాంక అడిగింది.