సుల్తాన్ మింగిన జాతర

రైలు దిగి ఏలూరు స్టేషను బయటికొచ్చిన మనిషి ఊరివాడో కొత్తవాడో ఖాదర్‌కి నడకలోనే తెలిసిపోయేది. ఊరివాళ్ళు నేల చూసుకుంటూ నడుస్తారు, కొత్తవాళ్ళు బోర్డులు చదువుకుంటూ నడుస్తారు. కొత్తవాళ్ళయితే చాలు, వాళ్ళ బ్యాగు ఖాదర్ చేతిలోకి వచ్చేసేది. "ముందు ఎక్కండి, దార్లో మాట్లాడుకుందాం" అనేవాడు. ఆటో సీటు మీద ఖాదర్ వాళ్ళ నాన్న నేసిన తివాచీ ముక్క పరిచి ఉండేది. దానిమీద ఒకసారి కూర్చున్నాక దిగబుద్ధి కాదు.

ఏ నెలలో వచ్చినా మా దగ్గర ఏదో ఒకటి ఉంటుందండీ అనేవాడు. చలికాలమైతే ఆటపాకలో పక్షులు. ఫాల్గుణంలో కొల్లేటికోట పెద్దింట్లమ్మ జాతర. వైశాఖంలో ద్వారకా తిరుమల కల్యాణం, అది తప్పిపోయిందా, ఆశ్వయుజంలో మళ్ళీ ఇంకోటి. ఊళ్ళో ఉరుసు సరేసరి. ఏమీ లేని రోజున దిగినవాళ్ళని తివాచీల మగ్గం దగ్గరికి తీసుకెళ్ళి, అట్నుంచటు గణపవరం దారిలో ఏ రైతింట్లోనో చేపల పులుసుతో భోజనం పెట్టించేవాడు. మా ఊరొచ్చి ఉసూరుమంటూ వెళ్ళినవాళ్ళు లేరండీ అని గొప్పలు పోయేవాడు. గొప్పేగానీ అబద్ధం కాదు.

ఆ ధీమాకి సగం కారణం సుల్తాన్. సుల్తాన్ అంటే గూడబాతు. ఒక చలికాలం ఆటపాకలో ఆటో టాపు మీద వాలింది, మిగతా పక్షులన్నీ వెళ్ళిపోయినా అది దిగలేదు. దాని ముక్కు కింద సంచిలో చేపలతోపాటు పండగలు కూడా పట్టేవి. ఏ తిరనాళ్ళకి తీసుకెళ్ళినా పొద్దుట్నించి సాయంత్రందాకా నోరు తెరుచుకు కూర్చునేది. ఆ రోజంతా, చప్పుళ్ళూ వాసనలూ దీపాలూ జనం మాటలూ అన్నీ సంచిలో దాచుకునేది. మళ్ళీ ఎప్పుడైనా నోరు తెరిస్తే అంతా బయటికొచ్చేది. కాకపోతే ఒక్కసారే. వదిలిందంటే ఇక అంతే, మళ్ళీ రాదు.

పేటలో ఇదేం వింత కాదు. పసిపిల్ల పడుకోకపోతే, "ఖాదర్ భాయ్, సుల్తాన్ని కాస్త పంపించండి" అని అడిగేవాళ్ళు. అది వెళ్ళి సంచిలో దాచిన కొల్లేటి మధ్యాహ్నం కొంచెం వదిలొచ్చేది. సెంటర్లో ట్రాఫిక్ కానిస్టేబులు మాత్రం, "ఆ పక్షి నోరు కాస్త ముయ్యించవయ్యా, ఎక్కడో బ్యాండు మోగుతోందని బళ్ళన్నీ ఆగిపోతున్నాయి" అని విసుక్కునేవాడు.

ఆ మాఘమాసంలో సుల్తాన్ సంచిలో నిరుటి కొల్లేటికోట జాతర ఉంది. దాన్ని ఊళ్ళో కొత్తగా కట్టిన హోటలు ప్రారంభానికి ఇస్తానని ఖాదర్ మాటిచ్చేశాడు. అందుకే ఎవరేం అడిగినా నోరు తెరవనివ్వడంలేదు.

అలాంటి రోజుల్లో గాయత్రి, వాళ్ళ అమ్మమ్మ సుందరమ్మ రాయచూరు నుంచి వచ్చారు. గాయత్రి ఏడాది కిందటే ఫోన్లో మాట్లాడింది. అప్పటికి జాతర అయిపోయి వారమైంది. వచ్చే ఏడు ఎప్పుడండీ అనడిగితే ఖాదర్ ఆలోచించకుండా చెప్పేశాడు. "ఏటా పది పదకొండు రోజులు ముందుకొస్తుందమ్మా. ఆ లెక్కన టికెట్లు తీసుకోండి." రంజానూ ఉరుసూ అలాగే కదా వచ్చేది. అంతకు ముందేడు చూస్తే జాతర కూడా అలాగే వచ్చింది. ఏడాది ముందే తేదీ ఎప్పుడూ చెప్పి ఎరగడు, అయినా ఖాదర్‌కి అనుమానమే రాలేదు.

ఆటో కైకలూరు దాటి చెరువుల గట్లమీదికి వచ్చేసరికి సుందరమ్మ కళ్ళు ఆరాటంగా అటూఇటూ వెతుక్కుంటున్నాయి.

"మాది ఇక్కడ కొల్లేటి లంకేనయ్యా. మా ఆయనతో సేద్యానికి రాయచూరు క్యాంపుకి పోతానంటే మా అక్క వద్దంది. నేను వినలా. పొద్దున్నే చెప్పకుండా లేచి వెళ్ళిపోయా. యాభై ఏళ్ళయింది" అంది.

"మరి అక్కగారు ఎక్కడుంటున్నారండీ ఇప్పుడు?"

"అదే తెలీదు. సర్కారువాళ్ళు చేపల చెరువుల గట్లు కొట్టేసినప్పుడు లంక ఖాళీ అయిపోయిందట. ఎవరెటు పోయారో చెప్పేవాళ్ళు లేరు. అయితే ఎక్కడున్నా జాతరకి మాత్రం వచ్చి తీరుతుంది మాణిక్యం. అమ్మవారికి చలిమిడి పెట్టకపోతే దానికి ఏడాది గడవదు."

గాయత్రి మెల్లిగా అందుకుంది. "సోమవారం హైదరాబాదులో అమ్మమ్మకి గుండె ఆపరేషనండీ. అక్కని చూడందే బల్ల ఎక్కనంది. ఇవాళ సాయంత్రమే మా రైలు."

"చూపిస్తానమ్మా" అన్నాడు ఖాదర్. "నా ఆటో ఎక్కారుగా."

కొల్లేటికోటలో దిగేసరికి గుడి ముందు మేకలు తిరుగుతున్నాయి. పందిరి లేదు, అంగళ్ళు లేవు. ఒక్క కొబ్బరికాయల కొట్టు తెరిచి ఉంది. అందులో కొట్టతను భాస్కరరావు పేపరు చదువుకుంటున్నాడు.

"జాతరేదండీ?" అన్నాడు ఖాదర్.

"జాతరేంటి, ఇంకా నెలుందిగా. ఈ ఏడు అధికమాసం వచ్చింది కదయ్యా. నెల ఎక్కువైతే జాతర వెనక్కి పోదూ?" అన్నాడు భాస్కరరావు, పేపరు దించకుండానే.

తన లెక్క ఎక్కడ తప్పిందో ఖాదర్‌కి అప్పుడు తెలిసింది. చంద్రుడు ఒక్కడే అయినా గుడి లెక్కలో మధ్యమధ్య ఒక నెల అదనంగా చేరుతుందని అతనికి ఎవరూ చెప్పలేదు, అతనూ ఎవర్నీ అడగలేదు.

"తప్పు నాదేనండీ" అన్నాడు చివరికి. "మా ఉరుసు లెక్కే మీ జాతరకీ అనుకున్నాను."

"ఇంటర్నెట్లో తలో తేదీ ఉంటే, మీరు గట్టిగా చెప్పారని నమ్మామండీ" అంది గాయత్రి. "నెల తర్వాత మళ్ళీ రావాలంటే అమ్మమ్మ..." అని ఆగిపోయింది.

సుందరమ్మ మాత్రం తిట్టలేదు. గుడి మెట్టు మీద కూలబడి, "పోన్లేమ్మా, దానికి నామీద కోపం ఇంకా పోలేదేమో. అందుకే కనబడలేదు" అంది. తిట్టినా బాగుండేది అనిపించింది ఖాదర్‌కి.

హోటలు వాళ్ళకి ఏం చెప్పాలో తర్వాత చూసుకోవచ్చనుకున్నాడు. ఆటో టాపు తట్టి, "సుల్తాన్, దిగు" అన్నాడు. "అమ్మా, అక్కగారిని చూపించలేకపోయాను. కనీసం జాతరైనా చూసి వెళ్ళండి."

సుల్తాన్ దిగి, ఖాళీ మైదానం మధ్యలోకి తాపీగా నడిచి నోరు తెరిచింది.

ముందు డప్పులొచ్చాయి. తర్వాత కాగుతున్న నూనె వాసన, జీళ్ళ వాసన, రంగులరాట్నం కిర్రుకిర్రుమనడం, పడవల మోటార్లు. పట్టపగలే తోరణాల దీపాలు వెలిగాయి. భాస్కరరావు పేపరు మడిచి కాయలు సర్దుకున్నాడు, ఎవరైనా కొంటారేమోనని. సుందరమ్మ లేచి అందులోకి నడిచింది. ఆమె మొహం చిన్నపిల్ల మొహమైపోయింది.

ఇంతలో మైకు గరగరమంది.

"ఎర్రగౌను వేసుకున్న పాప మా దగ్గరుంది, తాలూకు వాళ్ళు వచ్చి తీసుకెళ్ళవలెను. అలాగే రాయచూరు వెళ్ళిన సుందరమ్మగారు ఎక్కడున్నా మైకు దగ్గరికి రావలెను. మీ అక్కగారు ఎదురుచూస్తున్నారు. ఏవండీ, మామ్మగారూ, ఏటా ఇదే చెప్పిస్తున్నారు, ఆవిడ వచ్చేదుందా అసలు?"

"ఇటివ్వు నాయనా" అంది మైకులో ఒక ముసలి గొంతు. "ఒసే సుందరీ, అలిగింది చాలే. మనం లంకలో లేం ఇప్పుడు. ఆకివీడు స్టేషను వెనక, చేపలు ప్యాకింగు చేసే షెడ్డు పక్క సందులో ఉంటున్నా. ఇక్కడ కనబడకపోతే అక్కడికి రా."

సుందరమ్మ మైకు ఉన్నవైపు చెయ్యి చాచింది. అక్కడ వట్టి గాలి. తర్వాత డప్పులు తగ్గాయి, దీపాలు ఆరిపోయాయి, మేకలు మళ్ళీ కనిపించాయి. సుల్తాన్ నోరు మూసుకుని ఆటో ఎక్కి కూర్చుంది.

"నేను అలిగానట" అంది సుందరమ్మ. ఏడుస్తోంది, నవ్వుతోంది. "అలిగింది నేనట చూడవే."

ఖాదర్ అప్పటికే ఆటో స్టార్ట్ చేశాడు.

ఆకివీడులో ఐసు లారీలు దాటి సందులోకి తిరిగితే, మొదటి ఇంటి అరుగుమీద ఒక ముసలావిడ ఎండురొయ్యలు చెరుగుతోంది. ఆటో చూసి చేట ఆపింది. దిగుతున్న మనిషిని చెప్పులనుంచి జుట్టుదాకా చూసింది. లేవలేదు.

"నిరుడు పిలిస్తే ఇప్పుడా రావడం?" అంది.

"ఇప్పుడే వినబడిందే అక్కా" అంది సుందరమ్మ.

అంతవరకూ నిబ్బరంగా ఉన్న మాణిక్యమ్మ చేతిలో చేట జారి రొయ్యలన్నీ అరుగుమీద పడ్డాయి. ఇద్దరూ ఒకరినొకరు పట్టుకుని ఏడుస్తుంటే ఖాదర్ గోడవైపు తిరిగి నిలబడ్డాడు.

ఆపరేషను సంగతి గాయత్రి చెప్పింది. మాణిక్యమ్మ లోపలికి వెళ్ళింది. రెండు చీరలు సంచిలో కుక్కుకుని, ఇంటికి తాళం వేసి, పక్కింటి లిడియాకి తాళంచెవులిచ్చింది. "కోళ్ళకి నూకలెయ్యి లిడియా, ఎప్పుడొస్తానో చెప్పలేను" అంది. వచ్చి ఆటోలో చెల్లెలి పక్కన సర్దుకుని కూర్చుంది.

"ఎక్కడికే?" అంది సుందరమ్మ.

"అప్పుడు నాకు చెప్పకుండా పోయావు. ఈసారి ఎలా పోతావో చూస్తా" అంది మాణిక్యమ్మ, చెల్లెలి కొంగు తన కొంగుకి ముడేసుకుంటూ.