వెనకవైపు అడవి

వీరవెంకటరమణ "ల్యాండ్‌స్కేపు" అన్నాడు. ఇడ్లీ కొట్టు అప్పాయమ్మకి "ల్యాండ్ సేలు" అని వినపడింది. ఆవిడ కుడిచెవి ఏనాడో రాజీనామా ఇచ్చింది, ఎడమచెవి దీర్ఘకాలిక సెలవులో ఉంది. నోరు మాత్రం ఓవర్‌టైము చేస్తుంది. ఇడ్లీకి వచ్చిన ప్రతివాడికీ చట్నీతోపాటు ఆ కబురూ వడ్డించింది. మధ్యాహ్నానికి, కాట్రేనికోన వెళ్లే రోడ్డు పక్కనున్న రమణ పెంకుటింటి ముందు మోటారు సైకిళ్లు బారులు తీరాయి. కోనసీమలో భూమి అమ్ముతారంటే పాడె మీది శవం కూడా లేచి సరిహద్దులు అడుగుతుంది.

"ఎన్ని సెంట్లండి?"

"రోడ్డు బిట్టేనాండి, లోపలికాండి?"

రమణ భార్య సుందరమ్మ గుమ్మంలోకి వచ్చింది. "మా ఆయనకున్న భూమల్లా కాలిగోళ్లలో బురదేనండి. కావాలంటే గోకి ఇస్తాను, రిజిస్ట్రేషన్ ఖర్చులు మీవే. ఆయన అమ్ముతానంది భూమి కాదు మహాప్రభో, బొమ్మలు!"

బొమ్మలనగానే బళ్లన్నీ ఒక్కసారే స్టార్టయ్యాయి.

రమణ ఒకప్పుడు బోర్డులు రాసేవాడు. కిళ్లీ కొట్టు నుంచి కల్యాణమండపం దాకా ఆ చుట్టుపక్కల అక్షరమంటే అతనిదే. తర్వాత ఫ్లెక్సీలొచ్చి పొట్ట కొట్టాయి. పొట్ట కొట్టినదాని వీపు మీద కసి తీర్చుకున్నాడు రమణ. పాత ఫ్లెక్సీలు ఏరుకొచ్చి, వెనకవైపు గరుకు కాగితంతో రుద్ది, దాని మీద అడవిని వెయ్యడం మొదలుపెట్టాడు. ముందువైపు నాయకుడి పుట్టినరోజు, వెనకవైపు మడ అడవి. ఇలా చెయ్యమని ఎవరూ నేర్పలేదు. నేర్పివుంటే వాళ్ల పేరు చెప్పి తిట్టుకునే సౌకర్యమైనా సుందరమ్మకి ఉండేది.

తెల్లారకుండా టీవీఎస్ బండి మీద సముద్రపు పాయ దగ్గరికి వెళ్లేవాడు. నీరు తీసే వేళ మోకాలి లోతు బురదలో నిలబడి, మళ్లీ పోటు వచ్చేలోగా మడచెట్ల వేళ్లు వెయ్యాలి. కుంచె పెడితే ఆలస్యమని చేతివేళ్లతోనే వేసేవాడు. వేళ్లతో వేళ్లు! ఆకాశం ఆఖరున. మనిషి లేడు, మేక లేదు, ఇల్లు లేదు.

"కోనసీమ బొమ్మన్నారు, ఒక్క కొబ్బరిచెట్టయినా లేదేంటండి?" అని అడిగేవారు.

"అక్కడ లేదండి."

"లేకపోతే మాత్రం? ఓటి పెడితే పోయేదేముందండి? గెలతో సహా పెట్టండి, లక్ష్మీకళగా ఉంటుంది."

ఊరికి కొబ్బరిచెట్టు కావాలి, రమణకి అడవి కావాలి. అందుకే ఒక్క బొమ్మా ఏ గోడా ఎక్కలేదు. పన్నెండేళ్ల అడవి చుట్టలు చుట్టుకుని అటక మీద పడుంది. ఒక్కడు, ఒకే ఒక్కడు, తన బొమ్మని గోడకి కొట్టుకుని నిలబడి చూడాలి. రమణకి ఈ జన్మలో ఉన్న కోరిక అదొక్కటే. ఈ వేసవి మొదట్లో ఆల్చిప్ప అరికాలు కోసేసింది, అది చీము పట్టి నెలలపాటు మంచం దిగనివ్వలేదు. ఇప్పుడు కుంటుతూ ఇడ్లీ కొట్టు దాకా రాగలిగినా అడవికి వెళ్లే దారి లేక, వేసినవైనా అమ్ముదామని ఆ ఉదయం అక్కడే నోరు జారాడు.

బళ్లన్నీ వెళ్లిపోయినా ఒక కారు మాత్రం మిగిలింది. రొయ్యల చెరువుల సూర్యారావుగారిది. పెంచి పెంచి ఆయనకీ రొయ్య మీసాలే వచ్చాయి.

"ఏవో ఉన్నాయంటున్నారు, చూపించండి రమణగారూ."

రమణ కుంటుకుంటూ ఒక చుట్ట విప్పాడు. సూర్యారావుగారు బొమ్మని చూశారు, తిప్పి నాయకుణ్ణి చూశారు, అంచు రెండు వేళ్ల మధ్య నలిపి చూశారు.

"మందం బానే ఉందండి. చిరగదు కదండీ?"

రమణని ఇంత లోతుగా ఎవరూ అడగలేదు. "వందేళ్లుంటుందండి."

"ఎండకి?"

"ఆగుతుందండి."

"ఎన్నున్నాయి?"

"అటక నిండా ఉన్నాయండి."

"అన్నీ ఇచ్చెయ్యండి. కొత్త చెరువు దగ్గర కావాలి. మీకెంత కావాలో చెప్పండి."

"మీరెంతిస్తే అంతేనండి."

"మంచోరండి మీరు. ప్రారంభానికి భోజనానికి రావాలి, అమ్మగారిని కూడా తీసుకురండి."

"ఆయ్."

కారు కదలగానే రమణ మంచం మీద కూర్చుని ఏడ్చాడు. కొత్త చెరువు దగ్గర గెస్ట్‌హౌస్ కడుతున్నారని ఊరంతా అనుకుంటోంది. గెస్ట్‌హౌస్ అంటే గోడలు. గోడలంటే బొమ్మలు. పునాది నుంచి పైకప్పు దాకా ఆ మేడంతా అతనే కట్టేసుకున్నాడు. సుందరమ్మ కూడా మొదటిసారి మొగుణ్ణి 'ఆర్టిస్టుగారూ' అని పిలిచి, ఆ డబ్బుతో బండారులంక వెళ్లి నేత చీర తెచ్చుకుంది. దారిలో కనపడ్డ ప్రతివారికీ "మావారి బొమ్మలు సూర్యారావుగారు మొత్తం కొనేసేరండి" అని చెప్పింది. చెప్పడం ఆవిడ చేసిన పెద్ద తప్పు. విన్నవాళ్లందరూ ప్రారంభానికి వచ్చారు.

ప్రారంభం రోజు ఆటో దిగగానే రమణకి దారి తెలియలేదు. పాయ అదే. గాలి అదే. అడవి లేదు. తను నిలబడి వేసిన చోట, చెట్లు నరికేసి తవ్విన నలుచదరపు చెరువు ఉంది. నడవలేని ఆ నెలల్లో పొక్లెయిన్లు బాగా నడిచాయి.

"అడవి పోయిందేవిటే" అన్నాడు.

"బొమ్మలున్నాయి కదండీ" అంది సుందరమ్మ. "రండి, చూద్దాం."

ఆ మాట పట్టుకుని గెస్ట్‌హౌస్‌లోకి వెళ్లాడు. ముందు గదిలో వెంకటేశ్వరస్వామి. రెండో గదిలో మేత కంపెనీ కేలండరు. మూడో గదిలో ఏసీ. స్నానాల గది తలుపు కూడా తీసి చూశాడు.

"ఏం వెతుకుతున్నారండి?" అంటూ సూర్యారావుగారే ఎదురొచ్చారు.

"మావి... ఎక్కడ పెట్టేరోనండి."

"గదిలో ఎందుకండీ, చెరువంతా మీవేగా! రండి, రండి."

చేయి పట్టుకుని గట్టు మీదికి తీసుకెళ్లారు. షామియానా కింద భోజనాలకి కూర్చున్నవాళ్లు కూడా లేచి వెనకే వచ్చారు. పైన బురదే గానీ అడుగున ఇసక నేల, గట్లు నీళ్లని నిలపవు. అందుకని చుట్టూ, పైనుంచి అడుగుదాకా, ఫ్లెక్సీలు పరిచి మేకులు కొట్టారు. పట్టా లేని నేలకి పట్టాలు పరిచిన ఘనత! నీళ్ల కింద వరసగా నాయకులు చేతులు జోడించి నవ్వుతున్నారు.

"బొమ్మలేవండి?" అన్నాడు రమణ.

"కిందికి తిప్పించేనండి. ఆ రంగు నీళ్లకి తగిలితే రొయ్య చచ్చిపోద్దండి."

రమణ గట్టు మీద కూలబడి ఒక అంచు పట్టుకుని లాగాడు. మేకు ఊడింది. వెనకవైపు తెల్లగా ఉంది. తడి మట్టికి రంగంతా ఊడి పొలుసులు పొలుసులుగా బురదకి అంటుకుంది. అక్కడొక వేరు ముక్క, ఇక్కడొక ఆకాశం ముక్క. ఏరబోతే వేళ్లకి బురదే వచ్చింది.

"అయ్యయ్యో, లాగకండి! నీరు దిగిపోద్ది!" అని సూర్యారావుగారు కంగారుపడ్డారు. ఆయనకి నిజంగానే అర్థం కాలేదు. "ఏవైందండి రమణగారూ? డబ్బు తక్కువైందా? నలుగురిలో అడగండి, పర్లేదు."

"తక్కువ కాదండి."

"మరి కళ్లనీళ్లేవిటండి? శుభమా అని పూజ చేసుకున్నాం. నేనేదో అన్యాయం చేసేననుకుంటారు జనం." పురోహితుడి చేతిలోని మైకు తీసుకుని రమణ చేతిలో పెట్టారు. "మీ నోటితో మీరే చెప్పెయ్యండి."

సుందరమ్మ పక్కకి వచ్చి, కొత్త చీర కొంగుతో అతని వేళ్ల బురద తుడిచింది. చెవిలో గట్టిగా అంది: "నవ్వండి. మీరు నవ్వకపోతే వాళ్లు ఇంకా నవ్వుతారు."

రమణ నవ్వాడు. మర్యాద గల ఊరివాడు. మైకు అందిన తర్వాత ఊరుకోవడం కూడా అమర్యాదే.

"అందరికీ నమస్కారవండి. సూర్యారావుగారి తప్పేం లేదండి. ఆయన బేరం అడిగేటప్పుడు చిరుగుద్దా, ఎండకి ఆగుద్దా అనే అడిగేరండి. గోడకి కొడతానని ఒక్కసారి కూడా అన్లేదండి. ఆయన గట్టుకి పరుచుకోడానికి కొన్నారండి, నేను చూసుకోడానికి కొన్నారనుకున్నానండి. ఆయనకి ముందువైపు, వెనకవైపు ఒకటేనండి. నాకే ఒకటి కాదండి. అంతేనండి."

"హమ్మయ్య, అంతేగా!" అన్నారు సూర్యారావుగారు. మైకు ఇంకా ఆన్‌లోనే ఉంది కాబట్టి ఆ నిట్టూర్పు పాయ అవతలి ఒడ్డు దాకా వినపడింది. జనం చప్పట్లు కొట్టారు. ఎవరో మేకు తెచ్చి, ఊడిన అంచుని మళ్లీ దిగ్గొట్టారు.