పేర్లు పూర్తికాని పొద్దు

ఆ ఆదివారంలోపు ఆనందరావు చేయవలసిన పనులు ఇవి. భార్య ఎస్తేరు జ్ఞాపకార్థ కూడికకు షామియానా, కుర్చీలు చెప్పాలి. బిర్యానీ వద్దు, పప్పు, కూర, పెరుగుతో అన్నం చాలని వంటవాడికి గట్టిగా చెప్పాలి. సమాధికి వెల్ల వేయించాలి. ఎల్లమ్మ గుడి కమిటీవాళ్ళ అన్నదానానికి వెళ్ళి గరిటె పట్టుకోవాలి. ఎమ్మెల్యేగారి పుట్టినరోజు ఫ్లెక్సీలో తన బొమ్మ ఆయన బొమ్మకంటే పెద్దదిగా పడలేదు కదా అని చూసుకోవాలి. నాలాను ఏ ఒడ్డు వైపు వెడల్పు చేయాలో ఇంజనీరుకు చెప్పాలి.

ఇవన్నీ ఆయన గడ్డం గీసుకుంటూ అద్దంలో తన మొహానికి తానే అప్పజెప్పుకున్నాడు. ఇంకొకటి మిగిలింది. అది పైకి అనలేదు. ప్రార్థన చేయించుకోవాలి. ఎవరిచేత?

ఆనందరావు ఒకప్పుడు హఫీజ్‌పేట్‌లో లెక్కల మాస్టారు. తర్వాత కాలనీ సంఘం అధ్యక్షుడు, ఆ తర్వాత కార్పొరేటరు. ఈ మూడు ఉద్యోగాల్లోనూ ఆయన గుమ్మం దాటే ముందు ఒకటే తంతు జరిగేది. వంటింట్లో చెక్క కుర్చీలో కూర్చుని, ఈరోజు ఫలానా పని ఉందని ఎస్తేరుకు చెప్పేవాడు. ఆమె చేతి తడి కొంగుకు తుడుచుకుని, అదే కొంగు తలమీద కప్పుకుని, ఆయన నెత్తిన చెయ్యి పెట్టి కళ్ళు మూసుకునేది. భార్య మొగుడి నెత్తిన చెయ్యి పెట్టడమేమిటని ఆయన తల్లి బతికున్నన్నాళ్ళూ సణిగింది. ప్రార్థన అయ్యాక ఎస్తేరు "వెళ్ళిరండి" అంటే వెళ్ళి ఆ పని చేసేవాడు. కొన్ని పొద్దుల్లో ఆమె ఏమీ అనేది కాదు. చెయ్యి తీసి పొయ్యి దగ్గరికి వెళ్ళిపోయేది. ఆరోజు ఆ పని ఆగిపోయేది.

పార్టీలో ఆయన వెంట తిరిగే లింగయ్య దీనిమీద ఒక మాట కూడా పుట్టించాడు. "అందరి హైకమాండ్ ఢిల్లీల ఉంటది. మా సారు హైకమాండ్ వంటింట్ల ఉంటది."

ఆనందరావు నవ్వి ఊరుకునేవాడు. నిజానికి తనది గొప్ప విశ్వాసమేమీ కాదని ఆయనకు తెలుసు. ఆయన భక్తి ఎస్తేరు దగ్గర కిరాయికి ఉండేది. పోయిన అక్టోబరులో ఆమె గుండె ఆగిపోయింది. ఇంటి యజమానురాలు వెళ్ళిపోయాక కిరాయిదారు ఎక్కడ నిలబడాలో ఆయనకు తెలియలేదు. ఈ ఏడాదిలో పూజారి ఆయన నెత్తిన శఠగోపం పెట్టాడు, దర్గాలో ముజావరు నెమలీకల కట్టతో తట్టాడు, చర్చి సంఘ కాపరి జాషువా అయ్యగారు రెండు చేతులూ పెట్టి దీవించాడు. అందరికీ తల వంచాడు. వంచిన ప్రతిసారీ ఆయన వెతుక్కున్నది ఒకటే, కాస్త తడిగా, ఉల్లిపాయ వాసనతో ఉండే ఆ అరచెయ్యి.

నాలా సంగతి ఇదీ. పైన అద్దాల ఆఫీసులు. ఆ ఆఫీసుల చుట్టూ పడిన వాన నీళ్ళన్నీ ఈ నాలాలోకే రావాలి. మధ్యలో అది ఇరుకైపోయి, కింద ఉన్న కుమ్మరికుంట బస్తీ ఏటా మునుగుతోంది. ఇరుకైన చోట కుడి ఒడ్డున తొమ్మిది ఇళ్ళు. ఎడమ ఒడ్డున రేకుల కప్పుతో కృపా మందిరం అనే చిన్న చర్చి. రెండూ ప్రభుత్వ స్థలమే. ఎస్తేరు పెళ్ళయి వచ్చిన దగ్గర్నుంచీ ఆ మందిరానికే వెళ్ళింది. ఆడవాళ్ళ వైపు, నీలం రంగు కిటికీ పక్కన, చాప మీద ఆమె చోటు.

"సర్, లెవెల్ ప్రకారం ఏ ఒడ్డయినా ఒకటే," అంది ఇంజనీరు భార్గవి ఫోనులో. "డ్రాయింగులు రెండూ రెడీగా ఉన్నాయి. సోమవారం మెషీన్లు దించుతాం. జనం అడ్డుపడకుండా చూడాల్సింది మీరు కాబట్టి, ఏ వైపో మీరే చెప్పండి."

"ఇళ్ళవాళ్ళకి?"

"డబుల్ బెడ్‌రూమ్ ఫ్లాట్లు ఇస్తారు సర్. కాకపోతే ఊరి చివర."

"మందిరానికి?"

"దానికి పట్టా లేదు కదా సర్. ఏమీ రాదు."

ఆ తొమ్మిది ఇళ్ళ ఆడవాళ్ళు పొద్దున్నే నడిచి వెళ్ళి ఆ అద్దాల ఆఫీసులు తుడిచి వస్తారు. ఊరి చివరికి పంపితే ఆ పని పోయినట్టే. మందిరం పోతే ఎస్తేరు కిటికీ పోయినట్టే. ఈ రెండింటి మధ్యా ఆయన వారం రోజులు నలిగాడు.

గురువారం పొద్దున శారదమ్మ వచ్చింది. ఆమెది ప్రొద్దుటూరు. కొడుకు దినేష్ కంప్యూటరు ఉద్యోగానికి వస్తే వెంట వచ్చి, ఆనందరావు ఇంటి మేడమీద అద్దెకు దిగింది. ఎస్తేరు ఉన్నప్పుడు రోజూ వంటింటి గడప మీద కూర్చునేది. ఎస్తేరు పోయాక, అన్న సరిగా తినడం లేదని ఏదో ఒకటి తెచ్చిపెడుతుంది. ఆరోజు మరమరాలతో చేసిన ఉగ్గాని డబ్బా పట్టుకుని వచ్చేసరికి, ఆనందరావు వంటింట్లో చెక్క కుర్చీలో తల వంచుకుని కూర్చుని ఉన్నాడు.

"ఏమన్నా, తల నొస్తాందా?"

"లేదమ్మా." ఆయన సిగ్గుపడి తలెత్తాడు. "ఊరికే కూర్చున్నాను."

"అక్క ఉంటే ఈ పాటికి నిన్ను పంపించేసి ఉండేది."

"పంపించేదో ఆపేదో. అది తెలియకే కూర్చున్నానమ్మా." దాచుకోబుద్ధి కాలేదు ఆయనకు. "పోయిన ఏడు కూడా ఈ నాలా పనే చెప్పాను ఆవిడకి. ప్రార్థన అయ్యాక ఏమీ మాట్లాడలేదు. దేవుడికి ఇష్టం లేదు కాబోలని ఆపేశాను. వానలకి బస్తీ మునిగింది. ఇప్పుడు ఎవర్ని అడగను?"

శారదమ్మ డబ్బా గట్టుమీద పెట్టింది. "ఆయమ్మ మాట్లాడకుంటే దేవుడు వద్దన్నట్టా? ఎవురు చెప్పినారు నీకు?"

"ఒకరు చెప్పాలా. ఇన్నేళ్ళుగా చూడటంలా."

"ఏం చూస్తివో ఏమో." ఆమెకు నవ్వొచ్చింది, వెంటనే కళ్ళలో నీళ్ళూ వచ్చాయి. "పేర్లు పూర్తికాకుంటే మాట్లాడేది కాదన్నా ఆయమ్మ."

"ఏం పేర్లు?"

"నువ్వు పొద్దున్నే ఏదో ఒకటి చెప్తావు కదా, ఫలానా రోడ్డు, ఫలానా అంగడి అని. దాంతో ఎవురికి దెబ్బ తగుల్తాదో వాళ్ళ పేర్లు. నీ నెత్తిన చెయ్యి పెట్టి లోపల్లోపల ఒక్కొక్క పేరే చెప్పుకునేది. నువ్వు బండెక్కినాక నన్ను అడిగేది, శారదమ్మా, ఈ పొద్దు పేర్లు పూర్తికాలేదు, ఆ సందులో ఇంకా ఎవురెవురు ఉండారో తెలుసునా అని. ఆ నాలా కాడోళ్ళవి ఇద్దరికీ సగం తెలీకపాయె."

ఆనందరావు కుర్చీ ఆమె వైపు తిప్పుకున్నాడు. "మరి, చెయ్యమంటావా వద్దంటావా అని దేవుణ్ణి అడిగేది కాదా?"

"అదీ అడిగినా నేను. అది మా ఆయన పని శారదమ్మా, ఓట్లేసింది అందుకే కదా అనింది."

ఎన్ని పనులు ఆపాడో ఆయనకు గుర్తొచ్చింది. ఇన్నేళ్ళూ ఆమె తడుముకుంటున్న పేర్లను ఆయన దేవుడి ఆజ్ఞ అనుకున్నాడు. ఒక్కసారి, ఒక్కసారైనా, ఎందుకు మాట్లాడవు అని అడిగి ఉంటే చెప్పేది కదా.

"మా దినేష్‌కు ఉద్యోగం పోయినప్పుడు నా పేరు కూడా చెప్పిందన్నా," అంది శారదమ్మ మెల్లగా. "మీ దేవుని కాడ మా పేర్లు చెల్తాయా అక్కా అంటే, చెప్పే నోరు నాదే కదా అనింది. తిను, సల్లారిపోతాంది."

ఆ మధ్యాహ్నం ఆయన పార్టీ కండువా వేసుకోకుండా కుడి ఒడ్డుకు నడిచాడు. లింగయ్య వెనక పరుగెత్తుకొచ్చాడు.

"ఏంది సారూ, పేర్లకోసం ఇంత దూరం నడుసుడేంది. ఓటరు లిస్టు నా ఫోన్లనే ఉండె గద."

"అందులో ఓట్లు ఉన్నవాళ్ళే ఉంటారు లింగయ్యా."

మొదటి ఇంటి ముందు పుణ్యవతి అనే ముసలామె బియ్యం ఏరుతోంది. ఇంట్లో ఎవరెవరు ఉంటారని ఆయన అడిగితే చేట పక్కన పెట్టింది.

"పేర్లు రాసుకుంటున్నవంటే ఇగ ఇండ్లు పోయినట్టే."

"రాసుకోవడం లేదమ్మా. చూడండి, చేతిలో కలం కూడా లేదు."

"మరెందుకు?"

"గుర్తు పెట్టుకుందామని."

"గెలిచినంక గుర్తువెట్టుకున్నోణ్ణి నేనైతే సూడలే," అంది పుణ్యవతి. లింగయ్య తల తిప్పుకుని నవ్వాడు. అయినా ఆమె చెప్పింది. కొడుకు ఓంకార్, కోడలు, మనవరాలు, మొన్న పుట్టి ఇంకా పేరు పెట్టని పిల్ల. అలా తొమ్మిది ఇళ్ళూ తిరిగాడు. లెక్కల మాస్టారికి ఎక్కాలు ఒంటబట్టినట్టు పేర్లు ఒంటబట్టలేదు. తప్పుపోయినచోట మళ్ళీ వెనక్కి వెళ్ళి అడిగాడు.

తర్వాత నాలా దాటి ఎడమ ఒడ్డుకు వెళ్ళాడు. మందిరంలో ఎవరూ లేరు. మగవాళ్ళు కూర్చోకూడని వైపు, కిటికీ పక్కన కూర్చున్నాడు. గోడకు ఆమె వీపు ఆనిన చోట సున్నం కొద్దిగా నునుపెక్కి ఉంది. ఆయన తన వీపు అక్కడ ఆనించాడు. కిటికీలోంచి చూస్తే ఎదురుగా కుడి ఒడ్డు కనిపించింది. ఇన్నేళ్ళూ ఆదివారాలు ఆమె చూసింది ఆ గుమ్మాలనే. ఎవరి పేరు ఏమిటో తెలియక, ఆరేసిన బట్టల్ని బట్టి ఇంట్లో ఎందరున్నారో ఊహించుకుని ఉంటుంది.

జాషువా అయ్యగారు వచ్చి ఎదురుగా చాప మీద కూర్చున్నాడు. ఆయనకూ సంగతి తెలిసింది.

"వందనాలు ఆనందరావుగారూ. ఒక మాట చెబుతాను, ఏమీ అనుకోకండి. దేవుడు మిమ్మల్ని ఆ కుర్చీలో ఊరికే కూర్చోబెట్టలేదు. తన ఇంటిని కాపాడుకోవడానికే కూర్చోబెట్టాడు."

"అయ్యగారూ, ఆ ఇళ్ళలో వాళ్ళు ఎల్లమ్మకు మొక్కుకుంటారు. వాళ్ళకీ ఒక కార్పొరేటరు ఉండాలి కదండి. అదీ నేనేగా."

"ఈ గోడలకి ఇటుకలు మోసింది మీ ఆవిడ."

"ఆవిడే మోసింది. నేనప్పుడు బయట బండిమీద కూర్చుని సిగరెట్టు తాగుతున్నాను."

అయ్యగారి గొంతు తగ్గింది. "ప్రార్థన చేశారా?"

"చేశానండి. జవాబేమీ రాలేదు. పేర్లే వస్తున్నాయి."

ఆదివారం కూడికకు మందిరం నిండిపోయింది. పగలు ఆఫీసుల్లో ఊడ్చేవాళ్ళు, రాత్రంతా అదే ఆఫీసుల ముందు క్యాబ్‌లు నడిపేవాళ్ళు, దవాఖాన నుంచి తెల్ల చెప్పులతోనే వచ్చిన నర్సులు. ఒకరి తర్వాత ఒకరు లేచి ఎస్తేరు గురించి సాక్ష్యం చెప్పారు. శారదమ్మ వెనకవైపు, అందరినీ చూసి తనూ కొంగు తలమీద కప్పుకుని కూర్చుంది.

ఆఖరున ఆనందరావు లేచాడు. ఉపన్యాసం ఇస్తాడనుకుని లింగయ్య గుమ్మం బయట నిలబడి ఫోను ఎత్తిపట్టాడు. ఆనందరావు కళ్ళు మూసుకున్నాడు.

"ప్రభువా, జాషువా," అన్నాడు. ఆగాడు. "ఆయన భార్య మెర్సీ. వాళ్ళ అబ్బాయి అజయ్. వెనక వరసలో ఉన్న సలోమి. ఆమె తల్లి రత్నమ్మ."

వరసగా మందిరంలోవాళ్ళ పేర్లే చెప్పుకుంటూ వెళ్ళాడు. మొదట అందరూ దీవెన అనుకుని "ఆమేన్, ఆమేన్" అన్నారు. శారదమ్మకు మాత్రం అక్క చెప్పుకునే పేర్లు గుర్తొచ్చాయి. ఎవరికి దెబ్బ తగులుతుందో వాళ్ళ పేర్లు. కుడి ఒడ్డు పేర్లు వస్తాయేమోనని చివరిదాకా చెవులు రిక్కించింది. పుణ్యవతి పేరు రాలేదు. ఓంకార్ పేరు రాలేదు. ఆమెకు అర్థమైపోయి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. జాషువా అయ్యగారికి కూడా ఎక్కడో మధ్యలో అర్థమైంది. ఆయన ఆమేన్ అనడం మానేశాడు.

"ఇంకొక్క పేరు," అన్నాడు ఆనందరావు. ఆ కిటికీ వైపు చూడకుండా ఉండటానికి ఆయన కళ్ళు ఇంకా గట్టిగా మూసుకోవలసి వచ్చింది. "ఆనందరావు."

సోమవారం మెషీన్లు ఎడమ ఒడ్డున దిగాయి. ఆయన మొదటినుంచి చివరిదాకా అక్కడే నిలబడ్డాడు. "సర్, ఆ కిటికీ చెక్క కావాలంటే తీయిస్తాను," అంది భార్గవి. ఆయన వద్దన్నాడు. సగం సంఘం ఆయనతో మాటలు మానేసింది. జాషువా అయ్యగారు బాచుపల్లిలో ఒక ఫంక్షన్ హాలు కింది గది మాట్లాడుకుని కూడికలు అక్కడికి మార్చాడు. ఎదురుపడితే వందనాలు చెబుతాడు, ఆగడు. ఎల్లమ్మ గుడి కమిటీవాళ్ళు వచ్చి శాలువా కప్పబోతే ఆనందరావు తీసుకోలేదు. తర్వాత వానలకు కుమ్మరికుంట బస్తీలో నీళ్ళు గడపలదాకా వచ్చి ఆగిపోయాయి. తను చేసింది దేవుడికి ఇష్టమైందో లేదో ఆయనకు ఈరోజుకీ తెలియదు.

ఇప్పటికీ పొద్దున్నే ఆ చెక్క కుర్చీలో కూర్చుని తల వంచుకుంటాడు. ఆరోజు చేయబోయే పనితో ఎవరికి దెబ్బ తగులుతుందో ఒక్కొక్క పేరే చెప్పుకుంటాడు. గుర్తురానప్పుడు మేడమెట్ల కిందికి వెళ్ళి శారదమ్మను పిలుస్తాడు. బయట కారులో లింగయ్య, ఫోను చేసినవాళ్ళకు, "జర ఆగుండ్రి, హైకమాండ్ ఇంక వదల్లే," అని చెబుతుంటాడు. పేర్లు పూర్తయ్యాక కూడా ఆనందరావు కాసేపు అలాగే తల వంచి ఉంచుతాడు. ఆ చెయ్యి రాదని తెలుసు. అయినా ఉంచుతాడు.

ఊరందరి పేర్లూ చెప్పిన ఆమె పేరు చెప్పుకోవడానికి ఆ ఒడ్డున ఇప్పుడు గోడ కూడా లేదు. హఫీజ్‌పేట్ దాటి వాన రోజున ఏ నాలా మీదుగానైనా మీరు వెళ్ళడం జరిగితే, ప్రార్థన అలవాటు ఉంటే ప్రార్థనలో, లేకపోతే ఊరికే మనసులో, ఒక్క పేరు అనుకోండి. ఏ దేవుడి దగ్గరైనా ఫరవాలేదు, నోరు మీదే కదా. ఆమె పేరు ఎస్తేరు.