ఎవరూ పనిచేయని బొమ్మ

"బొమ్మ సూత్తే కూర ఉడుకుద్దేటి?" అంది మా అత్త రామలక్ష్మమ్మ.

ఆదివారం పొద్దున్న రొయ్యలు వలుస్తున్నాను. గోడకు ఆనించిన కలర్ ప్రింటు కేసి మధ్యలో ఒకసారి కళ్లెత్తానంతే. చేతులు ఆగలేదు. ఆవిడకు నా కళ్లు కూడా పనిలోనే ఉండాలి.

అది పందొమ్మిదో శతాబ్దంలో ఎక్కడో చలిదేశంలో వేసిన చిత్రం. కాలువ ఒడ్డున కొత్త పడవలు కట్టే చోటు. సగం తారు పూసి బోర్లించిన పడవ, పక్కన చెక్కల దొంతర, కదలని నీళ్లలో షెడ్డు నీడ. వాన పడబోయే ముందు మా సముద్రం మీద కమ్ముకునే రంగే ఆకాశమంతా. నేను గాజువాకలో ఒక ప్రైవేటు స్కూల్లో డ్రాయింగ్ టీచర్ని. కళల వారంలో తల్లిదండ్రుల ముందు ఒక మంచి చిత్రం గురించి మాట్లాడమంటే దీన్ని ఎంచుకున్నాను. ఎన్నోసార్లు చూశాక గానీ షెడ్డు వెనక మెట్టు మీద వంగి బట్టలుతుకుతున్న ఆడమనిషి నాకు కనబడలేదు. గోరంత మనిషి. రెండు తెల్ల గీతలు, ఒక నీలం చుక్క. ఆ వంగిన వీపు చూస్తుంటే నా నడుము సలిపింది.

షిఫ్టు దిగొచ్చిన మా ఆయన వీరేంద్ర టీ తాగుతూ చూశాడు. "ఇందులో ఏటుందే? ఖాళీ యార్డు. సెలవు రోజేమో" అన్నాడు. ఆమెను చూపించబోయేలోపే ఖాళీ గ్లాసు నా చేతిలో పెట్టి స్నానానికి వెళ్లిపోయాడు.

కార్యక్రమం రోజు ప్రిన్సిపాల్ కామరాజు గారు నన్ను పక్కకు పిలిచారు. "కుసుమకుమారి మేడమ్, మీరు గెస్టుల టిఫిన్లు చూసుకోండి. మాట్లాడటం తాతబాబు సార్‌కి అప్పజెప్పాను. ఆయనది గట్టి గొంతు కదా."

తల ఊపాను. ఇంట్లో ఊపి ఊపి అలవాటైన తల అది. స్టేజీ మీద ముగ్గు నాదే, బ్యానరు మీద అక్షరాలు నావే, తెర మీద చిత్రం నేను తెచ్చిందే. ఉప్మా ప్లేట్లు పంచుతూ నిలబడ్డాను. మా సోషల్ టీచరు తాతబాబు మైకు సవరించుకుని, ఈ చిత్రం ప్రశాంతతకు ప్రతీక అన్నాడు. "చూడండి, ఎక్కడా ఎవరూ పని చేయడం లేదు" అన్నాడు. ముందు వరసలో కూర్చున్న వీరేంద్ర చప్పట్లు కొట్టాడు.

ఒళ్లు మండిపోయింది. ఎవరూ లేరట. పొద్దున్నే వీరేంద్ర వేసుకొచ్చిన చొక్కా ఇస్త్రీ చేసింది ఎవరో, అత్తకు కాళ్లు పట్టింది ఎవరో, ఇప్పుడు వీళ్లంతా నములుతున్న ఉప్మా పంచింది ఎవరో, అక్కడా ఎవరూ లేరు కాబోలు. ప్లేట్లు బల్ల మీద పెట్టేసి స్టేజీ ఎక్కాను. మైకు అడిగాను. తాతబాబు తడబడి ఇచ్చేశాడు.

"ఇక్కడ ఒకామె పని చేస్తోంది" అన్నాను, తెర మీద వేలు పెట్టి. "పడవలు కట్టేవాళ్లు పని ముగించుకుని వెళ్లిపోయారు. ఈమె పని ముగియలేదు. ఆ పని ఎవరికీ వినబడదు కాబట్టి మనం దీన్ని ప్రశాంతత అంటున్నాం."

"ఏదీ, ఎక్కడమ్మా?" అని వెనక వరసలో ఒకావిడ లేచింది. ఇంకొందరు ఆడవాళ్లు తెర దగ్గరికి వచ్చేశారు. టైమైపోయిందన్నారు కామరాజు గారు. నాకు ఇంకా ఉందని చెప్పి, ఆ నీళ్ల గురించి, ఆ వెలుతురు గురించి అనుకున్నదంతా చెప్పాకే దిగాను.

కార్యక్రమం అయ్యాక వీరేంద్ర బండి మీద ఇంటికి బయల్దేరాం. కూర్మన్నపాలెం సిగ్నల్ దగ్గర బండి ఆపి అన్నాడు: "అందరి ముందూ తాతబాబు సార్ పరువు తీసీసేవు. రేపెల్లి సారీ సెప్పీ. ఇప్పుడు బేగి ఎల్లి అన్నం ఒండీ, మద్దేనం షిఫ్టుకి ఎల్లాలి."

నేను దిగిపోయాను.

"సారీ సెప్పను. హార్బర్ కాడ పడవలు కడతన్నారు. ఎల్లి గీసుకుంటాను. సీకటి పడ్డాక వత్తాను."

"మరి అన్నం?" అన్నాడు.

ఆ మాట నన్ను కాదు, తనను తానే అడుగుతున్నట్టు వినబడింది. సిటీ బస్సు వస్తే ఎక్కేశాను.