మూడో స్తంభం

చోటే మియా అలవాటు కొద్దీ సుత్తి ఎత్తి, మూడో స్తంభం ముందు చేయి ఆపుకున్నాడు. వారం రోజులు కొట్టనని మాటిచ్చాడు. ఆ గడువు ఇవాళ్టితో తీరుతుంది.

గద్వాల నేతవాడలోని ఆ నీళ్ల ట్యాంకుకు ముప్పై ఒక్క ఏళ్లుగా అతనే కాపలా. తెల్లవారుజామున ఫజర్ నమాజు కాగానే వచ్చి, వాల్వు తిప్పి, ఆరు స్తంభాలకూ ఒక్కో దెబ్బ వేసి చెవి ఆనించేవాడు. ఎవరూ చెప్పిన పని కాదు. ఐదు స్తంభాలు గట్టిగా పలికేవి. మూడోది రెండేళ్లుగా డొల్లగా పలుకుతోంది. దాని కిందే, నీడ పట్టున, నేతగాడు బుచ్చన్న ఇంటివాళ్లు చీరల పడుగు దారాలు చాచి గంజి పట్టిస్తారు.

"స్తంభం కాదు చోటే భాయ్, నీ చెవులే డొల్లవడ్డయ్!" అని బుచ్చన్న నవ్వేవాడు. వినీ వినీ చోటే మియాకూ అనుమానం పట్టుకుంది. అరవై దాటిన చెవులు. ఇవాళ కొలువుకు ఆఖరి రోజు. ఆ అనుమానాన్ని ఇంటికి మోసుకుపోవాలా?

పది రోజుల కింద లహరి అనే ఇంజనీరు వచ్చింది. కాంక్రీటు లోపల పగులు పుట్టేటప్పుడు వచ్చే సన్నని చప్పుడును పట్టే బిళ్లలు తయారు చేస్తోందట. వాటిని పరీక్షించడానికి ఈ స్తంభాలకు అతికించింది. రోజూ పొద్దున ఆరింటికే వాటిలో చప్పుళ్లు రావడంతో పరేషానై చూడవస్తే, సుత్తితో చోటే మియా.

"మీరేనా చాచా! జర వారం రోజులు కొట్టకుండ్రి."

ఇప్పుడు లహరి ల్యాప్‌టాప్ చంకన పెట్టుకుని పరుగున వచ్చింది.

"మీరు కొట్టకున్నా చప్పుడొచ్చింది చాచా! ట్యాంకు నిండినప్పుడల్లా. ఒక్క మూడో దాంట్లనే."

"అంటే నా చెవులు మంచిగనే ఉన్నయా బిడ్డా?"

"నా మిషన్ కన్నా రెండేండ్లు ముందున్నయ్."

"షుకర్," అని అల్లాకు కృతజ్ఞత చెప్పుకుని గుండెల నిండా ఊపిరి పీల్చుకున్నాడు. వెంటనే సిగ్గుపడ్డాడు. స్తంభం చెడిందని తెలిస్తే సంతోషమా? మనిషి మనసును ఇలా ఎందుకు చేశాడో ఆ పైవాడికే తెలియాలి.

ట్యాంకు ఖాళీ చేయడానికి మున్సిపాలిటీ పెద్దసారు ఫోనులో సరేనన్నాక, వాల్వు చోటే మియానే తిప్పాడు. ట్యాంకు ఖాళీ అయ్యేసరికి మధ్యాహ్నమైంది. బుచ్చన్న పడుగు చుట్టుకుని వచ్చి నిలబడ్డాడు. ఈసారి నవ్వలేదు.

"యాడ చాచుమంటవ్ భాయ్?"

"మసీదు గోడ పొంటి నీడుంటది. గాడ చాచు."

సాయంత్రం తాళాలు అప్పగించి, టిఫిన్ డబ్బా పట్టుకుని నెమ్మదిగా నడిచి వెళ్లిపోయాడు. ఎవరూ రాకుండా చుట్టూ తాడు కట్టిన ఆ ఖాళీ ట్యాంకు కింద, బొటనవేలు ఆనీ ఆనీ గుంత పడిన పిడితో, సుత్తి మూడో స్తంభానికి ఆనుకుని ఉండిపోయింది.